ఇరవైరెండు జతల బూట్లు

నా కాలి బొటనేలు సంగతి ఇప్పుడు సెప్పొచ్చు. ఇన్నాళ్లూ మా ఇంటిదానికి కూడా సెప్పనేదు. లక్ష్మణమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్న సెప్తే సాయంత్రానికి సేపల బజారంతా తెలిసిపోతాది.

నాను దాలయ్యని. మా ఊరు నౌపడ దాటి, ఉప్పు మళ్ళు దాటి, సముద్రం ఒడ్డున ఉన్నాది. పెళ్ళయిన కొత్తలో మా మావతో మాటా మాటా పెరిగి, పడవా వలా ఒగ్గీసి విశాఖపట్నం ఎల్లిపోయేను. అక్కడ గోల్ఫు ఆడీవోళ్ళ కాడ కేడీగా కుదిరేను. కేడీ అంటే ఏటో అనుకోకండి, ఆటగాడి కర్రల సంచీ మోసీవోడు. ఆట కూడా అంతే. తెల్లటి బంతిని కర్రతో కొట్టడం, దాని ఎనకాల నడవడం, మళ్ళీ కొట్టడం, సివరాకర్న ఒక కన్నంలో ఎయ్యడం. తక్కువ దెబ్బల్లో ఏసినోడు గెలిసినట్టు. దీనికి పెద్దపెద్దోళ్ళు ఎంత ఏడుస్తారో నాను కళ్ళారా సూసేను.

ఇంక బొటనేలు. మాలో వల బాగుసేసీటప్పుడు తాడుని కాలి బొటనేలికీ పక్క ఏలికీ మధ్యన బిగించి పట్టుకుంటాం. రెండు సేతులూ ముడి ఏస్తంటాయి, మూడో సెయ్యి కాలే. పదేళ్ల వయసు నుంచీ అలగ పట్టీ పట్టీ నా బొటనేలు ఏ పని సెప్తే ఆ పని సేస్తాది. బంతి తుప్పలో పడిందనుకోండి, ముందు పరిగెట్టీది కేడీయే కదా. సంచీ భుజాన ఉంటాది. సేతులు రెండూ అందరికీ కనిపిస్తానే ఉంటాయి. సూపు ఎక్కడో మబ్బుల మీద ఉంటాది. కింద కాలు మాత్రం బంతిని పట్టుకుని, మూడడుగులు ఇవతలకి తెచ్చి, సదరంగా ఉన్న సోట ఒగ్గీస్తాది. "బాబూ, ఇక్కడున్నాది! మీ అదురుష్టం!" అని అరుస్తాను. అంతే.

దొంగతనమా అంటే దొంగతనమే. నాను కాదనను. కానీ అందరికీ సెయ్యనేదు, ఒక్క జగన్నాధం బాబుకే సేసేను.

ఎందుకేటి అంటారా? మిగతా పెద్దోళ్ళంతా నన్ను "ఏయ్" అని పిలిసీవోరు. బాబు మొదటి రోజే "నీ పేరేటి?" అని అడిగేరు. ఆయన పాతపట్నం రైతు కుటుంబంలో పుట్టి, ఇంజినీరయి, ఇజీనగరంలో ఇల్లు కట్టుకున్నారు. కేరియర్ తెస్తే సగం నాకు ఎట్టీవోరు. అలాంటి మడిసి బంతి కొడితే సూడలేం. ఎడంకి ఎల్లమంటే కుడికి ఎల్తాది, కుడికి ఎల్లమంటే సెరువులోకి ఎల్తాది. ఆదివారం పూట ఆయన మొహం వాడిపోతే నాకు అన్నం సయించేది కాదు. అలగ మొదలయింది నా బొటనేలు పని.

ఒక ఏడు ఏకంగా కప్పు గెలిసేరు. ఎంత గెంతేనో! నెల తిరగకుండా ఆ కప్పు పట్టుకొచ్చి నా సేతిలో ఎట్టేరు. "ఇంట్లో చోటు లేదురా, నీ దగ్గర ఉంచు" అన్నారు. అంత మేడలో సోటు నేదంట! పెద్దోళ్ళ మాటలు మనకేటి తెలుస్తాయి. లక్ష్మణమ్మ దాన్లో సింతపండు ఏసి అటక మీద ఎట్టింది.

ఇంకొక ఇచిత్రం ఉన్నాది. ప్రతి ఏడూ మాఘమాసం రాగానే బాబు నాకు ఒక జత బూట్లు కొనీవోరు. మామూలువి కాదు, గోల్ఫు బూట్లు, కింద ముళ్ళుంటాయి, మంచి తోలు. "తొడుక్కో దాలయ్యా, తుప్పల్లో పాములుంటాయి" అనీవోరు. ఆయన పేమకి నా మనసు కరిగిపోయీది. కానీ బూట్లు తొడిగితే బొటనేలు ఏటి సేస్తాది? అందుకని "అలగే బాబూ" అని సంకలో ఎట్టుకుని ఇంటికి తెచ్చీవోణ్ణి. ఒక జత మా తమ్ముడి కొడుకు వినోద్ తన పెళ్ళికి తొడుక్కుని పందిట్లో జారిపడ్డాడు. ఆ తరవాత ఎవులూ తొడగనేదు. దిష్టికి అందరూ పాత సెప్పు కడతారు కదా, మా ఊళ్లో పడవలకి కొత్త తోలుబూట్లు కట్టేం. ఎర్రన్న పడవకయితే జతకి జత!

ఆరేళ్ల కిందట నాను పని మానీసి ఊరొచ్చీసినా, బాబు ఆడిన ప్రతిసారీ ఫోను సేసి పిలిపించుకునీవోరు. బూట్లు కూడా మాననేదు. అలగ మొత్తం ఇరవైరెండు జతలు.

ఇప్పుడు ఈ ఏటి కథకి వస్తాను. బాబు సెల్లెలి మొగుడు మురళీమోహన్ గారని ఉన్నారు. బాబు ఆయన్ని బావా అంటారు కాబట్టి నాను కూడా బావగారనే అంటాను. హైదరాబాదులో ఉజ్జోగం సేసి, రిటైరయి ఇజీనగరం వచ్చేరు. ఆయనా గోల్ఫే. కిందటేడు ఇంగ్లాండు ఎల్లి, అక్కడ వందేళ్ల నాటి గోల్ఫు మైదానాలు ఆరు ఆడొచ్చేరు. ఇంక సూడండి! కాఫీ తాగితే ఇంగ్లాండు, కాలు కడిగితే ఇంగ్లాండు. అక్కడ నేలంతా ఇసకంట, మోకాలెత్తు తుప్పలంట, ఆ తుప్పలకి ఊదారంగు పూలంట, బంతి అందులో పడితే దేవుడు కూడా తియ్యలేడంట. గోల్ఫంటే అదంట, మనం ఆడీది ఆటే కాదంట.

ఒకరోజు బాబుకి ఒళ్ళు మండింది.

"ఇసకా, తుప్పా, గాలీ కావాలంటే అంత దూరం దేనికి బావా? మా నౌపడ రా. నెల్లిమర్లలో ఒకటి, పాతపట్నంలో ఒకటి, నౌపడలో ఒకటి, మూడు ఆటలు. రెండు రోజుల్లో తేల్చుకుందాం."

"అక్కడ గోల్ఫు మైదానాలు ఎక్కడున్నాయి బావా?" అని బావగారు నవ్వేరు.

"మా దాలయ్య కడతాడు" అన్నారు బాబు.

కట్టేను. పది రోజులు తిరిగి మూడు సోట్లా తొమ్మిదేసి కన్నాలు తవ్వి, పాలపిండి డబ్బాలు పాతేను. సరుగుడు కర్రలకి లక్ష్మణమ్మ పాత సీరలు సింపి జెండాలు కట్టేను. పచ్చిక నేదు కాబట్టి కన్నం సుట్టూ ఇసకని గోనెసంచితో లాగి సాపు సేసేను. ఊదారంగు పూలకి బదులు మొగలి పొదలూ జీడి తుప్పలూ ఉన్నాయి. సాలదా?

బయల్దేరే ముందు వారం బాబు నన్ను పక్కకి పిలిసేరు. "వచ్చే నెల రెండు మోకాళ్ళూ మారుస్తున్నార్రా. ఆ తరవాత ఆడగలనో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. ఇదే ఆఖరనుకో. ఒక్కసారి, ఒకే ఒక్కసారి బావ నోరు మూయించాలి" అన్నారు. డెబ్భయ్యేళ్ల మడిసి సిన్నపిల్లాడిలాగ అడిగేరు. "నానున్నాను కదా బాబూ" అన్నాను. నా ధైర్యమంతా బొటనేలే.

ఇంటికొచ్చేసరికి నా కూతురు హేమ కాసుక్కూకుంది. అది ఆసుపత్రిలో నర్సు. నాకు సుగరుందని రెండేళ్లుగా నా ప్రాణం తీస్తన్నాది. అంతకు ముందు నెల జెల్ల సేప ముల్లు అరికాలికి గుచ్చుకుని పుండయి, మానడానికి ముప్పై రోజులు పట్టింది.

"నాన్నా, ఉత్తి కాళ్ళతో తుప్పల్లో తిరిగేవంటే ఈసారి కాలే తీసీయాలి. ఇగో, బాబు ఇచ్చిన కొత్త బూట్లు. ఎల్లింది మొదలు వచ్చీదాకా ఇప్పకూడదు. తడవకూడదు, తడిస్తే మాత్రం ఎంటనే ఇప్పీసి తుడుసుకోవాలి. నా మీద ఒట్టెయ్యి."

"ఒసే, నాను కాళ్ళు ఊపుకుంటూ కూసోడానికి ఎల్తన్నానేటే? పనుంది!"

"బూట్లతో సెయ్యలేని పనేటి అది?"

ఏటని సెప్తాను? నోరు మూసుకుని ఒట్టేసేను.

పొద్దున్న బాబు వేను దగ్గరికెల్లేసరికి ఆయన నా కాళ్ళకేసి సూసేరు. సూస్తానే ఉండిపోయేరు.

"తొడిగావురా" అన్నారు.

"హేమ తొడిగించింది బాబూ."

"మంచిది, మంచిది" అని కళ్ళజోడు తీసి తుడుసుకున్నారు. పొద్దుటి మంచుకి తడిసిందేమో అనుకున్నాను.

నెల్లిమర్లలో జూటుమిల్లుకి అవతల, ఏటి గట్టు పక్కన బీడులో మొదటి ఆట. బావగారు కొడితే బంతి గీత గీసినట్టు ఎల్లింది. మా బాబుది రేగు తుప్పలోకి ఎల్లింది. అలవాటు కొద్దీ నాను పరిగెట్టేను. బంతి కనిపించింది, సదరమయిన సోటు కనిపించింది, బూట్లో బొటనేలు గిలగిలా కొట్టుకుంది. ఏటి లాభం! పైగా నా జన్మలో లేసులు కట్టింది నేదు. మూడుసార్లు ఊడిపోయేయి. మూడోసారి కాలికి అడ్డంపడి, సంచీతో సహా ఎల్లి బావగారి కాళ్ళ మీద పడ్డాను.

"ఇంగ్లాండులో కేడీలు ఇలా పడరు" అన్నారాయన.

బాబు అయిదు దెబ్బల తేడాతో ఓడిపోయేరు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వేనులో కూసుని ఆ లేసులకి మా తాత నేర్పిన వల ముడి ఏసేను. రెండేసి ముడులు. సొరసేప కొట్టుకున్నా ఊడని ముడి అది. "ఇప్పుడు ఊడండే సూస్తాను!" అని లేసుల్ని తిట్టేను. ఆ ముడి పడ్డమే గానీ ఊడ్డం ఉండదనీ, తడిస్తే ఇంకా బిగుస్తాదనీ నాకు తెలీదా? తెల్సు. కోపంలో బుర్ర పనిసెయ్యదు.

ఆ రాత్రి వేనులోనే బూట్లతో పడుకున్నాను. మర్నాడు పొద్దున్న పాతపట్నంలో రెండో ఆట. బాబు సొంత మెట్ట, నువ్వుసేను కోసీసిన నేల. అక్కడ బాబు నన్ను ఒక్క మాట అడగనేదు. "ఈ గట్టు మీద పడితే కుడికి దొర్లుతుంది, ఇక్కడ మా అయ్య నాగలి విరిగింది" అని ఆయనలో ఆయనే అనుకుంటూ కొట్టీసేరు. గొర్రెలు కాసుకునీ ఒడియా మడిసొకడు "భలో, భలో" అని సప్పట్లు కొడతన్నాడు. మూడు దెబ్బల తేడాతో బాబు గెలిసేరు! నాను సంబరపడ్డాను గానీ లోపల సిన్న గుచ్చు. నా కాలు లేకుండా ఎలగ గెలిసేరు? గాలివాటం అనుకున్నాను.

ఒకటీ ఒకటీ సమానం. ఇంక నౌపడ ఆటే తేల్చాలి. మద్దేన్నం రెండింటికి మా ఊరు సేరేం.

వేను దిగీ దిగ్గానే నా గుండె గుభేలుమంది. ఆ మాటే మరిసిపోయేను! ఒడ్డున వరసగా పడవలు, పడవ పడవకీ ముక్కు మీద బాబు బూట్లు యాలాడతన్నాయి. బాబు ఆగిపోయేరు. ఏలు ఎట్టి లెక్కెట్టేరు.

ఇంతలో ఎర్రన్న ఎదురొచ్చి దండం ఎట్టేడు. "బాబూ, మీరేనా బూట్ల బాబు! మీ బూట్లు కట్టిన కాణ్ణుంచి నా వల ఒక్కసారి సిరగనేదు బాబూ!" ఆడి నోట్లో ఇంత ఇసక కొట్టాలనిపించింది.

బాబు నవ్వడం మొదలెట్టేరు. కళ్ళంట నీళ్లొచ్చేదాకా, పొట్ట పట్టుకుని నవ్వేరు. "ఏమైంది బావా?" అని బావగారు అడిగితే సెయ్యి ఊపీసేరు. నాను తల ఎత్తనేదు. తిట్టినా బాగుండును.

ఆట మొదలయింది. అక్కడ గాలే ఆట. సముద్రం మీంచి వచ్చి, దిబ్బ ఎక్కి, దిగీటప్పుడు మలుపు తిరుగుతాది. బంతిని నమ్మించి మోసం సేస్తాది. అది సదవడం మాత్రం నా సొత్తు. ఇసక మీద గీతలు సూసి, మొగలాకులు ఎటు వొంగేయో సూసి, "బాబూ, పొట్టిగా కొట్టండి", "బాబూ, ఒక్క నిమిషం ఆగండి, తగ్గుతాది" అని సెప్తా ఎల్లేను. బాబు సెప్పినట్టల్లా కొట్టేరు. బావగారి బంతులు రెండు గాలికి కొట్టుకుపోయి మొగలి పొదలో పడ్డాయి. అందులో సెయ్యెట్టి, ముళ్ళు గీసుకుని, "ఇది ఇంగ్లాండు కన్నా దరిద్రంగా ఉంది!" అని అరిసేరు. ఆ మాటకి నాకు పాణం లేసొచ్చింది.

ఎనిమిది కన్నాలయ్యేసరికి ఇద్దరూ సమానం. ఒక్కటే మిగిలింది.

తొమ్మిదోది ఉప్పు గెడ్డకి, అదే ఉప్పునీళ్ళ కాలవకి, అవతల. బావగారు రెండు దెబ్బల్లో గెడ్డ దాటించి, మంచి సోట బంతి ఏసుకున్నారు. బాబు రెండో దెబ్బ కూడా గెడ్డ దాటింది. దాటింది గానీ మోకాలు కలుక్కుమందో ఏటో, కుడికి తిరిగి జీడి తుప్పలోకి దూరిపోయింది.

ఆళ్ళిద్దరూ సుట్టూ తిరిగి బల్ల వంతెన మీంచి రావాలి. నాను సంచీ నెత్తినెట్టుకుని పిక్కల్లోతు గెడ్డలోంచి అడ్డంపడి ఎల్లిపోయేను. బంతి జీడి ఏరు పక్కనే ఇరుక్కుని ఉన్నాది. కర్ర ఊపడానికి సందు నేదు. మూడడుగులు ఇవతల నున్నటి ఇసక. ఎనక్కి సూసేను, ఎవులూ నేరు. ఇరవైరెండేళ్లు సేసిన పనే, ఒక్కసారి, ఈ ఒక్కసారి సేసీస్తే బావగారి నోరు జన్మంతా మూసుకుంటాది. హేమ మీద ఒట్టు గుర్తొచ్చింది. తడిసేయి కాబట్టి ఇప్పొచ్చని అదే అంది కదా అని సర్ది సెప్పుకున్నాను.

సంచీ పడీసి, కూకుని, లేసు పట్టుకుని లాగేను. రానేదు. ఇంకా లాగేను. ఉప్పునీళ్ళు తాగి ముడి రాయయిపోయింది. గోళ్లు ఇరిగేయి. పళ్ళతో పీకుదామంటే నోరు కాలికి అందీ వయసా నాది! మా తాతని తిట్టేను, ముడిని తిట్టేను, నన్ను నాను తిట్టుకున్నాను. సెమటలు కారిపోతన్నాయి.

"ఏట్రా, కూచున్నావు?"

బాబు. ఒక్కరే ముందొచ్చీసేరు. ఆ మోకాళ్ళతో అంత బేగి ఎలగ వచ్చేరో దేవుడికే తెలియాలి.

"బూట్లో ఇసక పడింది బాబూ."

"రెండింట్లోనా?"

"...రెండింట్లోనూ బాబూ."

ఆయన తుప్పలో బంతిని సూసేరు. ఇవతల నున్నటి ఇసక సూసేరు. ముడి మీద నా సెయ్యి సూసేరు. కర్ర ఆనించి నిలబడ్డారు.

"ఇరవైరెండు జతలు కొన్నాన్రా దాలయ్యా. ఎందుకనుకున్నావు?"

"తుప్పల్లో పావులుంటాయని..."

"ఇరవైరెండేళ్లలో ఒక్క పామునైనా చూశామా మనం?"

నాకు తల కొట్టీసినట్టయింది. ఇసకలో కన్నం తవ్వుకుని దూరిపోవాలనిపించింది. తెల్సు. మొదటి జత నుంచీ ఆయనకి తెల్సు. నాను సంకలో ఎట్టుకుని ఇంటికి తెచ్చి పడవలకి కట్టుకున్నాను. సిగ్గుకి కోపం తోడయింది. నా బుద్ధే అంత.

"మరి సెప్పనేదేటి బాబూ? ఒక్క మాట సెప్తే మానీసీవోణ్ణి కదా! ఇన్నేళ్లు ఎర్రోణ్ణి సేసి సూసేరా?"

"చెప్తే సిగ్గుపడి నువ్వు రావడం మానేస్తావని భయంరా" అన్నారు బాబు. మళ్ళీ, "అదొక్కటే కాదులే. కప్పు గెలిచినప్పుడు బాగుంది. వారం రోజులు చాలా బాగుంది. తరవాత దాని మొహం చూడలేకపోయాను. నీ మొహం మీద చెప్పే ధైర్యం లేదు. అందుకని బూట్లు కొన్నాను. తొడగలేదు. మళ్ళీ కొన్నాను" అన్నారు.

నా సెయ్యి ఇంకా ఆ ముడినే లాగుతన్నాది.

"నాకు నీ కాలు వద్దురా. లే. గాలెటుంది, అది చెప్పు."

లేసేను. మొహం తుడుసుకున్నాను. ఇసక గుప్పెడు తీసి ఒగ్గి సూసేను. "కుడి పక్కనుంచి ఏటవాలుగా వస్తన్నాది బాబూ. ముందు తుప్పలోంచి బయట పడీలాగ కొట్టండి సాలు. తరవాత జెండాకి రెండు బారలు కుడికి సూసి కొట్టండి, గాలే తెచ్చి ఎడతాది."

బాబు తుప్పలోకి వొంగి దూరేరు. మొదటి దెబ్బకి ఇసకా జీడాకులూ లేసేయి గానీ బంతి కదల్నేదు. రెండో దెబ్బకి గెంతి బయట పడింది. నాలుగయ్యేయి. అయిదోది నాను సెప్పిన సోటికి కొట్టేరు. గాలి మాట ఇంది, బంతిని తెచ్చి సాపు సేసిన ఇసక అంచుని ఎట్టింది. అక్కణ్ణుంచి డబ్బా ఇరవై అడుగులు. బాబు నన్ను సూసేరు. నాను "సూటిగానే బాబూ" అన్నాను. కొట్టేరు. బంతి దొర్లీ దొర్లీ, డబ్బా అంచు మీద ఒక సుట్టు తిరిగి, టంగుమని లోపల పడింది. నాను ఎంత గట్టిగా అరిసేనంటే ఒడ్డున వలలు ఆరబెట్టీవోళ్ళంతా తలెత్తి సూసేరు.

ఆరు దెబ్బలు. బావగారు వచ్చి, తొందర పడకుండా, అయిదో దెబ్బకి ఏసీసేరు.

ఒక్క దెబ్బ తేడా. ఓడిపోయేం.

నాకు నిజంగానే కళ్ళనీళ్ళొచ్చేయి. ఆఖరి ఆట అన్నారు. నోరు మూయించాలి అన్నారు. బావగారి నోరు అప్పుడే తెరుసుకుంది కూడా. "చూశావా బావా, ఇంగ్లాండులో ఆడొస్తే ఇదీ తేడా" అని మొదలెట్టీసేరు. బాబు మాత్రం జేబులోంచి కాయితం తీసి, పెన్సిలుతో ఆరు అని పెద్దగా రాసి, ఆ కాయితం మళ్ళీ మళ్ళీ సూసుకుంటన్నారు.

"చెప్పుకో బావా, ఇంకో పదేళ్లు చెప్పుకో" అని బావగారి ఈపు తట్టేరు. "ఈ ఆరూ నావి."

"ఓడిపోయినవాడికి ఇంత సంబరమేంటి?" అని బావగారు నా వంక సూసేరు. నాను గెడ్డకేసి సూసేను.

అప్పుడు బాబు కళ్ళు మళ్ళీ నా కాళ్ళ మీద పడ్డాయి. బూట్లలోంచి నీళ్ళు కారతన్నాయి.

"తడిస్తే వెంటనే విప్పమని హేమ నాకూ ఫోను చేసి చెప్పింది. విప్పు."

"రావట్నేదు బాబూ. వల ముడి ఏసీసేను."

"కత్తి తెప్పించి కోసేస్తే పోతుంది కదా" అన్నారు బావగారు.

"ఇన్నేళ్లకి ఒక జత తొడిగాడు బావా, కొయ్యనిస్తానా?" అన్నారు బాబు. నా భుజం పట్టుకుని, ఆ పాడు మోకాళ్ళని ఒకటొకటిగా మడుసుకుంటూ, అమ్మా అబ్బా అంటూ ఇసకలో సతికిలబడ్డారు. నా కాలు లాగి ఒళ్ళో ఎట్టుకున్నారు.

"బాబూ! తప్పండి, నా కాలు ముట్టుకోకండి!"

"నోరు మూసుకుని కూచో."

బంతి కింద గుచ్చీ సెక్క పుల్ల జేబులోంచి తీసి ముడిలోకి దూర్చేరు. నాను "ఆ పోగు కాదు బాబూ, కిందది" అని సెప్తన్నాను, ఆయన పుల్లతో పొడుస్తన్నారు. ఆకాశం ఎర్రబడింది, పడవలు ఒక్కొక్కటే ఒడ్డెక్కుతన్నాయి. పావుగంటకి మొదటి ముడి ఒదిలింది. బూటు లాగేరు, మేజోడు లాగేరు. నీళ్ళకి నాని తెల్లగా ముడతలు పడిన నా బొటనేలు బయటికొచ్చింది.

"ఇదేనా?" అన్నారు బాబు మెల్లిగా.

"ఇదే బాబూ."

బొటనేలుని సేతి రెండేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి సూసేరు. తన మెడలో తువ్వాలు తీసి ఏలికీ ఏలికీ మధ్యన తుడిసేరు. మా అమ్మ తరవాత నా కాళ్ళు అలగ ఎవులూ తుడవనేదు.

"ఇద్దరూ ఏం చూస్తున్నారు అంతలా?" అని బావగారు అడిగేరు.

"పుండు మానిందా లేదా అని, బావా" అన్నారు బాబు. "మానింది."

రెండో కాలి ముడి అందుకుంటూ, తలెత్తకుండానే అడిగేరు. "వచ్చే ఏడు మరి?"

"బూట్లు తొడుక్కునే వస్తాను బాబూ" అన్నాను. "మీరు కొత్త మోకాళ్ళు ఏయించుకుని రండి."